సగం గీసిన గడ్డం

ఐటీ ఉద్యోగులకు ఇళ్లు కట్టడానికి వెంచర్ల వాళ్లు మా ఊరు సురంగల్ పొలాల కోసం ఎగబడుతున్న రోజులవి. మేమూ అమ్మబోతున్నాం. మా ఇంట్లో కూడా ఆడపిల్లలను సంతకానికే పిలుస్తున్నారని, వాటా కూడా ఇవ్వాలని పత్రికకు ఉత్తరం రాశాను. అది అచ్చయిన ఉదయం మొయినాబాద్ సెలూన్‌లో గడ్డం చేయించుకుంటుంటే మా అన్న పేపరు పట్టుకొని వచ్చాడు.

"ఇంటి ముచ్చట బజార్ల పెడ్తవార? తప్పు రాసిన అని అందరి ముందట చెప్పు."

"ఏ మాట అబద్ధమో చూపెట్టు, చెప్త," అన్నాను.

జుట్టు పట్టి కుర్చీలోంచి లాగాడు. మంగలి చేతిలోని కత్తి తగిలి దవడ చీరుకుపోయింది. కింద పడ్డాక కడుపులో తన్నాడు.

"గట్లనే కావాలె, పెద్ద లీడరయిండు," అని బెంచీ మీద ఒకడు నవ్వాడు. వాడింటికి ఇప్పటికీ పెళ్లికైనా వెళ్లను.

మిగిలిన సగం గడ్డం గీయించలేదు. వారం తర్వాత చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఆ ముఖంతోనే వెళ్లాను.

"నా కోసం గిన్ని దెబ్బలెందుకన్నా? సంతకం పెట్టేస్త," అంది చెల్లెలు.

ఆమె చేతిలోని పెన్ను లాక్కున్నాను. "చెల్లె వాటా రాసేదాక నా సంతకం గూడ లేదు. కొడ్తే గీడనే కొట్టు," అన్నాను అన్నతో.

కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. పెన్ను మాత్రం వదల్లేదు. ఆ రోజు రిజిస్ట్రేషన్ కాలేదు.