జయరాజన్న ఆదివారం సీరియల్

నిన్న షామీర్‌పేటలో మా డాబా మీద ఇంటర్నెట్ మనిషి నల్ల తీగ తొక్కను పంటితో లాగి ఉమ్మేశాడు. ఆ చేదు నా నాలుక మీదికే వచ్చింది. తొంభైల్లో మేడ్చల్‌లో నేనూ అలాగే తీగలు ఒలిచేవాణ్ణి, జయరాజన్న దగ్గర. కేబుల్ టీవీ ఆయనది, స్తంభాలెక్కి తీగలు లాగే పని నాది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఊళ్లో మాత్రం ఇప్పటికీ ఒకటే మాట: "సీరియల్ పిచ్చిల పడి దందా ముంచుకుండు." ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేను.

అప్పట్లో కేబుల్ నడిపే ప్రతివాడికీ సొంత ఛానల్ ఒకటి ఉండేది. క్యాసెట్ పెట్టి సినిమా వేయడం, దాని కింద చీరల దుకాణం ప్రకటన పరిగెత్తించడం. జయరాజన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, సాయంత్రం సినిమా ఆపి, సర్కారు ఛానల్లో వచ్చే ఒక సీరియల్‌ను రికార్డు చేసి ఉంచుకుని వేసేవాడు. పటాలు గీసే ముసలి చిత్రకారుడి కథ. అందులో ఎవరూ అరవరు, ఏడవరు. మాటల కంటే వాన చప్పుడే ఎక్కువ. అది నడిచినంతసేపూ కింద ఏ ప్రకటనా కనబడకూడదు.

మొదట్లో నాకు నిద్ర వచ్చేది. ఒక భాగంలో ఊరి పెద్ద వచ్చి, దేవుడి పటంలో తన ముఖం గీయమంటాడు. ముసలాయన లేస్తాడు. కుంచెలు కడిగి, ఆరేసి, గోడకు ఆనుకుని కూర్చుంటాడు. అంతే.

"ఏందన్నా, కొట్లాడడా?" అన్నాను.

"కొట్లాడిండు గదరా. కుంచె కడిగిండు, సూడలే?"

"నీళ్లల్ల రంగు పోవుడే సూసిన."

"గదే. ఇగ మల్ల సూడు." క్యాసెట్ వెనక్కి తిప్పాడు.

ఈసారి ఆ ఎరుపు నీళ్లలో మెల్లగా విడిపోతుంటే, ఇంకోసారి వెనక్కి తిప్పమన్నాను. చూడడం కూడా ఒకరి దగ్గర నేర్చుకోవలసిన పనే అని అప్పుడు తెలిసింది.

కొత్త కాలనీలో కోస్తా నుంచి వచ్చిన సుభద్రగారు మొదట నా మీద కేకలేశారు. "ఏమయ్యా, ఆదివారం పూట ఒక పాట లేదు, ఫైటు లేదు. ఇదేం చోద్యం?"

"సప్పుడు లేదు గదమ్మా, కరెంటు బిల్లు తక్కువొస్తది" అన్నాను. నవ్వేశారు. కొన్నాళ్లకు ఆవిడే గేటు దగ్గర నన్ను ఆపారు. "మొన్న కరెంటు పోయిందయ్యా. ఇంతకీ పెద్దాయన ఆ పటం గీశాడా, లేదా?" అలా అడిగే ఇళ్లు చాలానే ఉండేవి. ఆ సీరియల్ వల్ల ఆయనకు ఒక్క ఇల్లూ పోలేదు. ఈ సంగతి రాయడానికే కూర్చున్నాను.

గండిమైసమ్మ వైపు నుంచి డబ్బున్న ఆపరేటర్ ఒకడు వచ్చాడు. ఇళ్లను తన వైపు తిప్పితే నన్ను భాగస్తుణ్ణి చేస్తానన్నాడు. ఇల్లిల్లూ తిరిగాను. "సీరియల్ ఏసి లాసయిండు. జయరాజన్న దుకాణం బంద్ పెడుతుండు. టీవీల బొమ్మ పోకముందే మారుండ్రి" అని చెప్పాను. వాళ్ల ఇళ్లకు తీగ లాగింది నేనే కాబట్టి నమ్మారు. సుభద్రగారు మాత్రం, "అయ్యో, మరి ఆ కథ చివరికి ఏమవుతుందో" అంటూనే సరేనన్నారు. దుకాణం నిజంగానే మూతబడింది.

అంతకుముందే ఒకరోజు క్యాసెట్లు వేసే ఆయన గదికి వెళ్లి, పని మానేస్తున్నానని చెప్పాను. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పిందంతా అప్పటికే విన్నట్టున్నాడు. తిట్టలేదు. నా నడుముకున్న పనిముట్ల సంచి అడిగి తీసుకున్నాడు. కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి ఒక్కొక్కటే గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ సంచిలో పెట్టి నా చేతికే ఇచ్చాడు.

"పనికొస్తయి, తీస్కో" అన్నాడు. తర్వాత టీవీ వైపు తిరిగాడు.

ఆయన కొట్లాడాడు. అది కనబడేలా నాకు కళ్లు ఇచ్చింది కూడా ఆయనే. ఆ కటింగ్ ప్లేయరు ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న ఆ మనిషి పంటితో తీగ ఒలుస్తుంటే, అది ఇద్దామని లోపలికి వెళ్లి చేతిలోకి తీసుకున్నాను. దాన్ని మళ్లీ బయటికి తేలేకపోయాను.