అమ్మ తిరగరాసిన రిపోర్టు

మా ఆసుపత్రి రెండో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే స్లైడులు శుభ్రం చేసే జైలీన్ వాసన వస్తుంది, పెట్రోలుకీ కలరా ఉండలకీ మధ్యస్థంగా ఉండే ఘాటు. నాతో చదివేవాళ్ళు ముక్కు మూసుకుంటారు గానీ, నాకు మాత్రం శ్రీకాకుళంలో ఓ మేడ మీద అమ్మ నడిపిన రెండు గదుల ల్యాబూ, అక్కడ ఓ చోట కుదురుగా కూర్చోలేక గడిపిన సెలవులూ గుర్తొస్తాయి.

అమ్మ పెథాలజిస్టు. గడ్డలోంచి సూదితో తీసిన రవ్వంత కణాలను గాజు స్లైడు మీద పులిమి, రంగులద్ది, మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో రాసిచ్చే డాక్టరు. వీధిలోవాళ్ళు రగతం డాక్టరమ్మ అనేవారు. ఆ రంగులంటి అమ్మ వేలికొసలు ఎప్పుడూ ఊదాగా ఉండేవి, చర్చిలో పాటల పుస్తకం తిప్పుతుంటే పక్కావిడ గోరింటాకు సరిగ్గా పండలేదా అని అడిగేది. నేను మిగిలిన స్లైడుల మీద ఉల్లిపొరా, చీమ కాలూ, రాలిన సీతాకోకచిలుక రెక్కా పెట్టుకుని చూస్తూ, ఎప్పుడు ఇంటికెళ్దామని నిమిషానికోసారి అడిగేదాన్ని.

నేను ఏడో తరగతిలో ఉండగా, రాష్ట్రం రెండవడానికి ముందొచ్చిన ఆఖరి క్రిస్మస్ అది. ఇల్లంతా కొబ్బరి కోరూ బెల్లం పాకం కలిసిన వాసన, నూనెలో గుల్లగా విచ్చుకునే గులాబీ పువ్వులు, వరండాలో గాలికి గిరగిరా తిరిగే కాగితపు నక్షత్రం. పండగ ముందురోజు పొద్దున్న స్లైడులు పెట్టెల్లో సర్దేసి వద్దామని అమ్మ నన్ను ల్యాబుకి తీసుకెళ్ళింది. సర్దుతూ సర్దుతూ ఒకటి మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టింది. లేచి మంచినీళ్ళు తాగింది. మళ్ళీ చూసింది. కిటికీ దాకా వెళ్ళి, వచ్చి, మళ్ళీ చూసింది.

అది కళింగపట్నంలో చేపలెండబెట్టే ఎర్రమ్మది. రొమ్ములో గడ్డని వస్తే, రెండ్రోజుల కిందట పండగ హడావుడిలో అమ్మే సూది వేసి, కేన్సరు లేదని రాసిచ్చింది. ఇప్పుడు స్లైడు అంచున, నెత్తుటి మరక చాటున, అనుమానించాల్సిన కణాల గుంపొకటి కనబడింది. ఎర్రమ్మ ఇచ్చిన ఫోను నంబరు ఎంతకీ కలవలేదు. ఇంటికొచ్చి చెబితే, పండగయ్యాక కబురు పెడితే సరిపోతుంది కదా అన్నారు నాన్న.

"అంతవరకూ నా కాగితం సూసుకుని దైర్యంగా ఉంటాది. ఆ దైర్యం నేనిచ్చిందే," అంది అమ్మ. పాకం గిన్నె పొయ్యి మీంచి దించేసి, నా చెయ్యి పట్టుకుని బస్టాండుకి బయల్దేరింది. బస్సులో మూడుసార్లు సీటు మారింది.

ఒడ్డున ఇసక మీద పరిచిన వలల నిండా నెత్తళ్ళ చేపలు వెండి ముక్కల్లా మెరుస్తున్నాయి. ఎర్రమ్మ మమ్మల్ని చూసి నవ్వింది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళకి నాకేటీ లేదని సెప్పిన డాక్టరమ్మ ఈవిడేనని చూపించింది. అప్పుడు అమ్మ అందరి ముందూ, తల దించకుండా, తాను తొందరపడి తప్పు రాశానని చెప్పింది. ఎర్రమ్మ చేతిలో తట్ట అలాగే ఉండిపోయింది. నాకు సముద్రంలోకి పరిగెత్తాలనిపించింది.

ఎర్రమ్మ పెనిమిటి పడవ దగ్గర్నుంచి వచ్చాడు. "మొన్న లేదన్నావు, ఈరోజు ఉన్నాదేమో అంతన్నావు. ఏది నమ్మాల?"

"రెండూ నమ్మొద్దు. నాతో రండి, మళ్ళీ సూత్తాను."

ఎర్రమ్మ చాలాసేపు అమ్మ వేళ్ళకేసి చూసి, "తప్పు సెప్పడానికి ఇంత దూరం వొచ్చినాదంటే, నిజమే అయ్యుంటాది," అని, తట్ట దించి, చేతులు కడుక్కుంది.

ఆ సాయంత్రమే అమ్మ మళ్ళీ సూది వేసింది. పండగ మర్నాడు ఆమదాలవలసలో రైలెక్కి, విశాఖపట్నంలో తనకి చదువు చెప్పిన మేడమ్ దగ్గరికి స్లైడులు స్వయంగా పట్టుకెళ్ళింది. కేన్సరే. కానీ ఇంకా పాకలేదు. ఆపరేషనయింది, జుట్టు రాలింది, మళ్ళీ మొలిచింది. ఆ తర్వాత ఎర్రమ్మ ఏటా ఓసారి ల్యాబు మెట్లెక్కి, ఏ పరీక్షా లేకుండానే అమ్మ ఎదురుగా కాసేపు కూర్చుని వెళ్ళేది. ఆమె వెళ్ళాక అమ్మ ఆ పూట చూసిన స్లైడులన్నీ మళ్ళీ మొదట్నుంచీ చూసేది.

ఇప్పుడా మేడ మీద శాంపిళ్ళు తీసుకునే కౌంటరొకటే ఉంది. సాయంత్రానికి పెట్టెలు నగరానికి వెళ్ళిపోతాయి. నేను పెథాలజీ పీజీ రెండో ఏడు. మా స్లైడులు తెరమీద బొమ్మలవుతాయి, అనుమానమొస్తే గంటలో ఎక్కడో ఉన్న పెద్ద డాక్టరు కూడా చూస్తాడు. అప్పుడిదుంటే ఆ పండగ రెండ్రోజులూ నలిగేదాన్ని కాదు కదా అంటుంది అమ్మ. నిజమే. కానీ మా తెరమీద మనుషులే లేరు, రోగుల నంబర్లే.

పోయిన వారం మా సారు ఒక రిపోర్టు సవరించారు. బటన్ నొక్కాం, రోగి ఫోనుకి వెళ్ళినట్టు తెరమీద పడింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వార్డు ఎక్కడో కనుక్కుని కిందికి దిగాను. మంచం మీదావిడ ఫోను పక్కన పెట్టి, నువ్వెవరమ్మా అంది. మీ స్లైడు చూసినదాన్నని చెప్పాను. జరిగి చోటిచ్చింది. పీజీలో చేరాక ఓ స్లైడు వెనక నేను చూసిన మొదటి ముఖం ఆమెది.