మూడో షిఫ్టు బిడ్డ

ఇన్నేళ్లలో నా మాట పట్టించుకున్నవాడు ఒక్కడూ లేడు. మొన్న కూడా బ్యాంకు వాళ్లు నా కూతురికి పుట్టినరోజు శుభాకాంక్షలు ఎప్పటిలాగే ఒకరోజు ముందు పంపారు. నా భార్య నవ్వి ఊరుకుంది గానీ, నాకు మాత్రం ఎనభైల్లో గోదావరిఖని దవాఖానలో జరిగిన అన్యాయం మళ్లీ గుర్తుకొచ్చి ఒళ్లు మండింది.

మా అమ్మాయి బుధవారం తెల్లవారుజామున పుట్టింది. అప్పుడు నేను గనిలో రాత్రి షిఫ్టులో ఉన్నాను. పైకొచ్చి, మొహానికంటిన బొగ్గు కూడా కడుక్కోకుండా పరుగెత్తి చూద్దును గదా, కాన్పుల పుస్తకంలో మంగళవారం అని ఉంది. రాసినాయన మా గనిలో హాజరు గుమాస్తా. కాలు దెబ్బతింటే తేలిక పని అని దవాఖానకు పంపారు. మంగళవారం రాత్రి దిగిన మూడో షిఫ్టు బుధవారం పొద్దున ముగిసినా గనిలో మంగళవారం హాజరే. ఆయన ఆ పద్ధతినే పురుళ్లకూ పట్టుకొచ్చాడు.

"కాకా, బిడ్డ బుధారం పుట్టింది గదనే!" అన్నాను.

"నువ్వు గా షిఫ్టులనే ఉన్నవ్ గద, నీ మస్టర్ల హాజరు ఏ రోజుది?"

"మంగళారంది."

"అయ్యకు మంగళారమైతే బిడ్డకు బుధారమెట్లైతది? లొల్లి వెట్టకు."

మంచం మీంచి నా భార్య అందుకుంది. "మంగళారం పొద్దుగూకంగ నల్లా నీళ్ల కాడ పక్కింటక్కతోని కొట్లాడిన నేను. నొప్పులు వడ్డది నేనైతే తారీఖు నీదా?"

"పొద్దుగూకంగ సెకండ్ షిఫ్టు చెల్లే, అది లెక్కకు రాదు" అన్నాడాయన, తల కూడా ఎత్తకుండా. పక్కనున్న నర్సు నవ్వాపుకుంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అక్కడి నుంచి మున్సిపాలిటీకి తారీఖు పోయింది గానీ షిఫ్టు సంగతి పోలేదు. ఇక బళ్లో ఒకనాడు చాక్లెట్లు, ఇంట్లో మర్నాడు పాయసం. "బాపూ, నేను అసలు ఏ దినం పుట్టిన?" అని పిల్ల అడిగినప్పుడల్లా తారీఖు దిద్దమని నేనొక అర్జీ రాసేవాణ్ణి. నా భార్యేమో రికార్డులో ఉన్న ఆ ముందునాడు పాయసానికని పొయ్యి మీద పాల గిన్నె పెట్టనిచ్చేది కాదు.

ఆ గుమాస్తా కాక చనిపోయి చాలా ఏళ్లయింది. ఆ రోజుల్లో మూడో షిఫ్టు బిడ్డ అంటే వాడకట్టంతా అర్థం చేసుకునేది. ఇప్పుడు మున్సిపాలిటీలో కంప్యూటరు ముందున్న అమ్మాయికి ఎంత విడమరిచినా "రికార్డులో అట్లనే ఉంది అంకుల్" అంటుంది. తప్పు రాసినా, ఎందుకు రాశాడో ఎదురుగా కూర్చుని వాదించేవాడు ఆయన. ఇప్పుడు తప్పుంది, వాదించే మనిషి లేడు.

అందుకే అడుగుతున్నాను. నా భార్య బుధవారం తెల్లవారుజామున పడ్డ నొప్పులను మంగళవారం కింద ఎందుకు ఉంచారో, ఇవాళ ఆ కాక కుర్చీలో ఉన్నవారెవరైనా సరే, నాకు కాదు, ఆమెకు జవాబు చెప్పాలి.