కారణం రాసే చోట

చింతపల్లి కంప్యూటర్ సెంటర్‌లో ఒక పంతులమ్మ ఉండేది. అనకాపల్లి పిల్ల. మా కొండ పిల్లలకు చదువు నేర్పే ప్రోగ్రామ్ ఒకటి నలుగురు విద్యార్థుల చేత రాయిస్తుండేది. గింజలకూ చెట్లకూ మా భాషలో ఉన్న పేర్లు చెప్పడానికి నన్ను పిలిచారు. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి.

నలుగురిలో ఎవరు ఒక్క వరుస మార్చినా ఆవిడ వెనక నిలబడి బల్ల మీద వేలితో కొట్టేది. "ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, రాసి అప్పుడు దాచండి." పాత ప్రతిని కూడా కంప్యూటర్ దాచుకుంటుందని, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చని నాకూ ఓపికగా చెప్పింది. మా భాషకు ఇక చావు లేదనుకున్నాను.

ఒకరోజు పై ఆఫీసరు వచ్చాడు. "ఈ మాటలు ఎవరికి తెలుస్తాయి? తెలుగు పెట్టండి" అన్నాడు. ఆయన జీపు ఘాట్ దిగకముందే ఆవిడ మా మాటలన్నీ తీసేసి తెలుగువి పెట్టింది. కారణం రాసే చోట ఏం రాసిందో కూడబలుక్కుని చదివాను. తప్పులు సరిచేశాము అని ఉంది.

"మా మాటలు తప్పులేటమ్మా?"

"అలా రాయకపోతే ఒప్పుకోరు తాతా. పాతవి ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాయి."

"నోపలుంటే పిల్లలకేటి కనబడతాది? ఎనక్కి తేవచ్చన్నావు కదా, తే మరి."

ఆవిడ తేలేదు. చెడ్డది కాదు, పిరికిది. చెడ్డదయితే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

ఆ ప్రోగ్రామ్ మా ఊరి బడికి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో నేను చోడి గింజల్ని, అదే రాగుల్ని, మా పేరుతో పిలిస్తే, "అలాగనకూడదు తాతా" అని మనవరాలు నన్ను దిద్దుతోంది.