మందు కొట్టని కలుపు

కాలేజీలో మా ప్రాజెక్టు కలుపు మొక్కల నుంచి ఇంధనం తీయడం. అందులో నానో ఉత్ప్రేరకం వాడతాం. పిండికన్నా మెత్తని ఆ పొడి తాను మారకుండా మార్పును త్వరపెడుతుంది. ఉత్ప్రేరకం అన్న మాటే నాకు భలే ఇష్టం.

ఈ ఉదయం కలుపు కోసం చండ్రుగొండ దగ్గర ఒక పత్తి చేనుకు సంచితో వెళ్లాను. చేనంతా గడ్డిమందు కొట్టారు. మాడిపోయిన ఆ మొక్కలు పరీక్షకు పనికిరావు.

గట్టు మీద వెంకటమ్మత్త, మందు పడని చోట మేకలకు కోసిన పచ్చగడ్డి మోపుతో కూర్చుని ఉంది. నిరుడు ఈ చేలో కలుపు తీసిన పన్నెండు మంది ముఠాకు ఆమే పెద్ద. ఈసారి వాళ్లను ఎవరూ పిలవలేదు. నా పని సంగతి చెప్పాను.

"కలుపుతోని నూనె వస్తే రైతులు మందు కొట్టుడు బంద్ చేస్తరా బిడ్డా?"

"కలుపుకు ధర వస్తే చేస్తరేమో అత్తా."

"సంచెడు గడ్డికి ఎంత నూనె వస్తది?"

"ఇప్పటికైతే చెంచాడు."

ఆమె మోపు కట్టు విప్పింది.

"జల్దీ చెయ్యి మరి. మావోళ్లు నలుగురు అప్పుడే పట్నం కూలికి పోయిండ్రు" అంటూ మోపులో సగం నా సంచిలో కుక్కింది.

"మరి నీ మేకలకో?"

"ఈ పూటకు ఎట్లనో బతుకుతయి. నీ పని ఆగొద్దు."

ల్యాబ్ రికార్డులో నమూనా ఎక్కడిదన్న చోట 'వెంకటమ్మత్త మేకల మేత' అని రాశాను. ప్రాజెక్టు చూసే సారు అది కొట్టేసి 'చండ్రుగొండ' అని రాశారు.

మీ ఊళ్లో మందు కొట్టని చేను ఎవరికైనా ఉంటే చెప్పండి. సంచి తర్వాత తెస్తాను, ముందు కలుపు తీయడానికి వెంకటమ్మత్త ముఠాను పంపిస్తాను.