కాళ్ళున్న అక్షరాల్లో నా పేరు

తన పేరిట జ్ఞాపకార్థ భోజనం తనే పెట్టి, వచ్చినవాళ్ళకి తనే వడ్డించిన మనిషిని మీరు చూసి ఉండరు. నేను ఆ ఘనకార్యం కొత్తపేటలో, పట్టపగలు, ముప్ఫయ్యేళ్ళ వయసులో చేశాను.

కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం మీద వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. మేడమీద ఒక్క గది. వీధిలో అందరికీ నేను 'మేడమీద అద్దెకున్నాయన'ని. నా పేరు ఎవరూ అడగలేదు, బిడియం కొద్దీ నేనూ చెప్పలేదు. సెలవురోజుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నోరు విప్పే అవసరమే వచ్చేది కాదు. చాలా ఒంటరిగా ఉండేది. అందుకని నా పుట్టినరోజుకి వీధివాళ్ళందరినీ భోజనానికి పిలుద్దామనుకున్నాను.

కార్డు కోసం డీటీపీ షాపు సూరిబాబుగారి దగ్గరికి వెళ్ళాను. నాకు అక్షరాల పిచ్చి ఉంది లెండి. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో కొసలకి చిన్న చిన్న కాళ్ళతో, ఒక గీత లావుగా, ఒక గీత సన్నగా, ఇస్త్రీ పంచె కట్టిన పెద్దమనుషుల్లా నిలబడతాయే, ఆ అక్షరాలే కావాలన్నాను.

"అవి వద్దండి. ఇక్కడ పోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడికల కార్డులకే వాడతామండి."

"హుందాగా ఉంటాయండి."

"ఆయ్, హుందాగానే ఉంటాయండి. పోనీ రంగైనా మార్చమంటారా?"

"నలుపే ఉంచండి. పైన ఫోటో, కింద పేరు, పుట్టిన తేదీ, మధ్యాహ్న భోజనానికి రమ్మని ఒక్క ముక్క. చాలు."

"పుట్టినరోజని వెయ్యక్కర్లేదాండీ?"

"చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుందండి."

ఇంగ్లీషు లెక్చరర్‌కి ఈయన చెప్పడమేమిటనుకున్నాను. ఫోటో కూడా నా నెత్తిన జుట్టున్న కాలం నాటిది ఇచ్చాను. ఎదురుపడి పిలిచే ధైర్యం లేక కార్డులు గేట్లకి గుచ్చి వచ్చేశాను.

ఆ రోజు వీధంతా వచ్చింది. అందరూ తెల్లబట్టల్లో, తలొంచుకుని. కోనసీమ మర్యాదంటే ఇదీ అని మురిసిపోయాను.

"ఇంకో గారె వెయ్యమంటారా?" అని ఒక పెద్దాయన్ని అడిగాను.

"చాలు బాబూ. మీరు ధైర్యంగా ఉండండి" అన్నారాయన.

తిన్నవాళ్ళు తిన్నట్టే మెట్లు దిగిపోతున్నారు. ఒక్కరూ 'వెళ్ళొస్తాం' అనలేదు. చావింట్లో ఆ మాట అనకూడదని నాకూ తెలుసు, కానీ ఇది చావిల్లని నాకు తెలియదు కదండీ.

ఆఖర్న ఎదురింటి మార్తమ్మ టీచరుగారు మిగిలారు. చేతిలో కార్డు.

"చిన్న వయసండి, పాపం. పోయిన తేదీ వెయ్యడం షాపువాళ్ళు మర్చిపోయేరు. మీకేమవుతారండి?"

"నేనేనండి."

ఆవిడ ఫోటో చూశారు, నన్ను చూశారు, మెట్టు మీద కూలబడ్డారు. "ఇది మీ పేరాండీ?"

నవ్వబోయాను, అప్పుడు తట్టింది. పోయాననుకుని వీధంతా వచ్చింది. ఉన్నానని ఎనిమిది నెలల్లో ఒక్కరూ రాలేదు. నేను మాత్రం ఎవరి గడప తొక్కాను గనక?

ఆవిడ లేచి కొంగు సర్దుకున్నారు. నా పేరు పెట్టి పిలిచి, "రేపు సాయంత్రం మా ఇంటికి టీకి రండి" అన్నారు. తర్వాత వీధి చివరిదాకా వినపడేలా, "వెళ్ళొస్తానండీ" అన్నారు.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. కాళ్ళున్న అక్షరాల్లో నా పేరు ఇక నేను అచ్చు వేయించను. నిజంగా ఆ రోజొచ్చినప్పుడు వేయించడానికి నలుగురిని సంపాదించుకుంటాను.