మూడు దెబ్బలకు నిలిచిన ఆరు కత్తులు

రెండువందల పదిహేడు సుద్దముక్కలు విరిగాక మామయ్యకు నమ్మదగిన మొదటి మడతకత్తి దొరికింది. అది ఆయన మొదటి విజయం. ముప్ఫై ఎనిమిదేళ్ళలో అలాంటి విజయాలు మొత్తం ఆరు. ఆ ఆరు కత్తులూ రేకుపెట్టెలో, తాళం కింద ఉంటాయి. మామయ్య మనిషి మాట నమ్ముతాడు, మబ్బును నమ్ముతాడు, మడతకత్తి లాకును మాత్రం చచ్చినా నమ్మడు.

పరీక్ష ఆయన సొంతం. కత్తి తెరిచి, పిడి సందులో, అంటే మన వేళ్ళు ఉండేచోట, సుద్దముక్క పెడతాడు. కత్తి వీపుతో బల్లను మూడుసార్లు బాదుతాడు. లాకు జారిందా, బ్లేడు మడుచుకుని సుద్దముక్క రెండవుతుంది. "ఫెయిల్!" అంటాడు. ఐదో తరగతిలో ఆయన్ను మూడేళ్ళు కూర్చోబెట్టిన పంతులు కూడా ఆ మాట అంత ఇష్టంగా అనలేదట.

కత్తులతో ఆగితే బాగుండేది. మడతపడేదేదైనా ఆయన దృష్టిలో ముద్దాయే. ఒకసారి ఆసుపత్రిలో మడతకుర్చీని మూడుసార్లు నేలకేసి కొట్టాడు.

"ఏం కాదు పెద్దాయనా. చూడండి, నేనే కూర్చుంటున్నా" అన్నాడు డాక్టరు.

నడుముకు కట్టు కట్టించుకుని ఇంటికెళ్ళింది డాక్టరే. ఈ కథ మామయ్య ఇప్పటికి నాలుగొందలసార్లు చెప్పుకున్నాడు.

మేనకోడలు తన అంటుమొక్కల తోటకు డజను కొత్త మడతకత్తులు తెప్పించేదాకా ఇదంతా నవ్వులాటే. నిరుడు కట్టిన అంట్లలో సగం చచ్చాయి. ఈ ఏడూ పోతే తోట మూసుకోవాల్సిందే. పాత కత్తులు అరిగిపోయాయి. అంటు కట్టడానికి కోసి తెచ్చిన కొమ్మపుల్లలు తడిగోనెలో నాలుగురోజులకు మించి బతకవు. అంట్లు కట్టే ఆడవాళ్ళు ఆరుగురూ రెండురోజులుగా చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

టక్, టక్, టక్. "ఫెయిల్!"

"ఎన్నోది మామయ్యా?"

"పదకొండు."

"పన్నెండోదైనా పాసవుతుందా?"

"ఆశపడకు తల్లీ."

టక్, టక్. మూడో దెబ్బ అక్కర్లేకపోయింది.

మేనకోడలు నేలమీద కూలబడింది. "పుల్లలు ఎండిపోతున్నాయి మామయ్యా. జాగ్రత్తగా పట్టుకుని కోస్తారులే, ఇచ్చెయ్యి."

"పుల్ల ఎండితే ఇంకోటి కోసుకోవచ్చు. వేలు తెగితే ఏ చెట్టుకు కాస్తుంది?"

"అయితే నీ పెట్టెలోవి ఇవ్వు!"

మామయ్య పెట్టెమీద చెయ్యి వేసుకున్నాడు. "అవా? అందులో మొదటిది రెండువందల పదిహేడు..."

"సుద్దముక్కలు! తెలుసు!" ఆమెకు ఏడుపొచ్చింది. "ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని ఎక్కడికైనా పో. నా తోట ఎటూ మునిగింది."

మర్నాడు పొద్దున్న మామయ్య లేడు. పన్నెండు కత్తులూ లేవు. చెప్పాపెట్టకుండా పోయిన మనిషిని తిట్టుకుంటూ, పుల్లలు పారబొయ్యడానికి ఆమె షెడ్డు తలుపు తీసింది.

బల్లమీద రేకుపెట్టె నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు వరసగా ఆరు కత్తులు. ఒక్కోదాని కింద ఒక చీటీ: 'పొడుగావిడకు', 'నవ్వులపిల్లకు', 'మోకాళ్ళనొప్పులావిడకు'... ఎడమచేతివాటం ఆవిడ కత్తికి లాకు మీట కూడా అటువైపుకు మార్చి ఉంది. అది ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఎన్నాళ్ళ కిందట మొదలుపెట్టాడో!

చివరి చీటీ అందరికీ: 'సుద్దముక్క పెట్టి చూసుకున్నాకే వాడండి. నావని మొహమాటపడొద్దు.' పక్కనే కొత్త సుద్దముక్కల డబ్బా.

ఆరుగురూ బల్ల చుట్టూ నిలబడి బాదారు. ఒక్క సుద్దముక్కా విరగలేదు. మధ్యాహ్నానికి నూరు అంట్లు కట్టారు.

సాయంత్రం ఫోను మోగింది. ఆ పన్నెండు కత్తులూ చేసిన కార్ఖానా యజమాని. గొంతులో ప్రాణం లేదు.

"అమ్మా, మీ పెద్దాయన మా బల్లలన్నీ సొట్టలు పడేలా బాదాడు. మా వాళ్ళంతా పని మానేసి ఆయన చెప్పినట్టు స్ప్రింగులు మారుస్తున్నారు. ఎప్పుడు తీసుకెళ్తారు?"

"ఎన్ని పాసయ్యాయండీ?"

"ఒకటి."

వెనకనుంచి కేక వినిపించింది: "ఏడో విజయమని చెప్పవయ్యా!"

ఆమె నవ్వాపుకుంది. "మిగతా పదకొండూ పాసయితేగానీ కదలడు. ఎన్నాళ్ళు పడుతుందో ఆయన్నే అడగండి."

యజమాని అడిగొచ్చి, "రోజుకొకటి చొప్పున ఇంకా పదకొండు రోజులట" అని నీరసంగా చెప్పాడు. ఆమె డబ్బాలోంచి సుద్దముక్క తీసుకుని షెడ్డు తలుపుమీద పెద్దక్షరాలతో రాసింది: 'మామయ్య రాక, పందొమ్మిదో తేదీ.'